ఆమె మాటలకు నకలు

“రెండో నంబరు చెప్పుండ్రి సార్.”

“ఇచ్చాను కదమ్మా.”

“గది మీ నంబరే. ఇంకొకరిది కావాలె. మీ ఫైళ్ళు దాసే క్లౌడ్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఆ ఫోనుకు కోడ్ వస్తది. మీ వాళ్ళది ఎవరిదన్నా చెప్పుండ్రి.”

అచ్యుతరామయ్య ఫోను చేతిలోకి తీసుకున్నాడు. పేర్లను పైకి జరిపాడు, కిందికి జరిపాడు. గ్యాసు బండ. మందుల షాపు. అపార్ట్‌మెంట్ సెక్రటరీ. మంచినీళ్ళ క్యాన్. ఎక్కడా ఆగకుండా చివరిదాకా వెళ్ళి, ఫోనును బోర్లా పెట్టాడు.

“రెండోది లేకపోతే కుదరదా?”

నవత కుర్చీలో వెనక్కి వాలింది. యూసుఫ్‌గూడలో కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆమెది. ఫిలింనగర్‌లోని ఎడిటింగ్ గదులన్నీ తిరిగిన మనిషి. ఇంత నిశ్శబ్దంగా ఉన్న గది మాత్రం ఆమెకు కొత్త.

“క్లౌడ్ వద్దంటే హార్డ్‌డిస్కులే సార్. ఒకటి గీడ, ఒకటి వేరే ఇంట్ల. రెండూ ఒక్క ఇంట్లనే పెడితే, దొంగ వచ్చిండంటే రెండూ పోతయ్.”

“మళ్ళీ వేరే ఇల్లేనా?” అంటూ నవ్వబోయాడు ఆయన. నవ్వు రాలేదు.

బల్ల కింద పాత కంప్యూటరు టిక్కుమంది, ఆగింది, మళ్ళీ టిక్కుమంది. అచ్యుతరామయ్య సౌండ్ ఎడిటర్. డబ్బింగ్ సినిమాలలో మాటలను కత్తిరించి, పరాయి పెదవులకు అతికించడమే ఆయన బతుకంతా చేసిన పని. ఆ టిక్కు మొదటిసారి విన్ననాడే, ఈ యంత్రం ఇక ఎంతోకాలం బతకదని ఆయన చెవికి తెలిసిపోయింది. అందుకే నవతను పిలిపించాడు.

“గంతగనం ఏమున్నది సార్ దీంట్ల? సినిమాలా?”

“మా శ్యామల ఉందమ్మా.”

ఆయన ఒక ఫైలు తెరిచాడు. గదిలోకి ఒక స్త్రీ గొంతు నడిచి వచ్చింది. తొందర లేని గొంతు; మాట చివర చిన్న విరుపున్న గొంతు.

‘ఏమండీ, వచ్చారా? కాళ్ళు కడుక్కోండి. అన్నం చల్లారిపోతోంది.’

నవత చెయ్యి కీబోర్డు మీదే ఆగిపోయింది.

“ఆంటీ ఎప్పుడు పోయింది సార్?”

“నిరుడు శ్రావణంలో.”

“డబ్బింగ్ చెప్పేదా?”

“ఏనాడూ మైకు ముందు నిలబడలేదు.”

“ఇంట్ల బాగ మాట్లాడేదా?”

“అబ్బో! మొదలుపెడితే నాకు సందిచ్చేది కాదు. దీపం ఆర్పితే తప్ప ఆపేదే కాదమ్మా.”

నవత పకపకా నవ్వింది. “మా ఆయన గూడ నన్ను గిట్లనే అంటడు.” తరువాత కాస్త తగ్గి అంది: “వేరే ఇల్లు లేదంటున్నరు గదా. రెండో డిస్కు మా ఇంట్ల పెడుత. మా అత్త బీరువా తాళం దేవుడొచ్చి అడిగినా ఇయ్యది.”

“నీకెందుకమ్మా శ్రమ? ఆవిడ పరాయి ఇంట్లో…”

“పరాయేంది సార్? అన్నం తిందువు రమ్మని పిలిచిన గొంతును ఎవ్వరన్న బయట నిలబెడతరా?”

అచ్యుతరామయ్య కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడిచి, సరేనన్నట్టు తలూపాడు.

నవత ఆ ఫైలును కొత్త డిస్కులోకి ఎక్కించి, తన ల్యాప్‌టాప్‌లో తెరిచింది. తెరపై గీతలు వరుసగా కదిలాయి. శబ్దం రాలేదు.

“ఏమైంది? ఆమె పలకడం లేదేం?” ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. ఇదే తప్పుకు ఎందరో అసిస్టెంట్లను తిట్టిన మనిషే. అయినా ఆ క్షణాన ఆయనకు ఏమీ తోచలేదు. ఆమె తెరకేసి వంగి ఫైలు పేరు చదివాడు. “దారం తీసుకున్నావమ్మా, పూలు వదిలేశావు. ఆ ఫైలు వరుస మాత్రమే చెబుతుంది. మాటలు పక్క ఫోల్డరులో ఉన్నాయి.”

ఫోల్డరు మొత్తం ఎక్కడం మొదలైంది. కింది రోడ్డున ప్రివ్యూ థియేటరు వైపు వెళ్ళే కార్ల హారన్లు వినిపిస్తున్నాయి. ఒకప్పుడు అలాంటి కార్లు ఈ గుమ్మం దగ్గర కూడా ఆగేవి. పాత కంప్యూటరు టిక్కుమన్నప్పుడల్లా అచ్యుతరామయ్య చెయ్యి బల్ల అంచును పట్టుకుంటోంది.

ఎక్కడం పూర్తయింది. సరిచూద్దామని నవత ముక్కలను ఒక్కొక్కటిగా వినసాగింది. ‘ఏమండీ’ అన్నది ఎవరో లేతగొంతు పిల్ల. ‘వచ్చారా’ అన్నది గట్టిగొంతు మనిషి. ‘అన్నం’ అన్న గొంతు బొంగురుపోయిన ముసలమ్మది. నవత గబుక్కున ఆపేసింది.

“సార్, ఆగమైంది! ఎవరెవరియో కలిసిపోయినయ్. ఇందాక అంతా ఒక్కామె లెక్కనే ఉండె!”

“ఏమీ కలవలేదమ్మా. అవి అలాగే ఉండాలి.” ఆయన గొంతు చాలా మెల్లగా ఉంది. “డబ్బింగ్ థియేటర్లో పనికిరావని పారేసిన టేకులు అవి. పోగుచేసి తెచ్చుకున్నాను. ఒకదాన్ని కాస్త సాగదీసి, ఒకదాన్ని కాస్త తగ్గించి, అన్నీ ఒకే మనిషి పలికినట్టు చేశాను. ‘ఏమండీ’ ఒక్కటీ కుదరడానికి చాలా కాలం పట్టింది.”

“మరి ఆంటీ మాటలు అన్నరు?”

“మాటలు ఆవిడవే. గొంతులే ఎరువు తెచ్చినవి.”

నవత అయోమయంగా పాత కంప్యూటరు వైపు వంగింది. “అయితే ఆంటీ సొంత గొంతు ఏడున్నది సార్? జర చూపెట్టుండ్రి. మిషిను పోకముందే ముందు గదే ఎక్కిద్దాం.”

అచ్యుతరామయ్య ఆమె వైపు చూశాడు.

“శ్యామల పుట్టుమూగ. ఆ మాటలన్నీ చేతులతో చెప్పినవే.”