టేకు చెట్ల కొలతలు

"చూసినవా పర్శరాములూ! ఇరవై ఏండ్ల కింద నేను చెప్పినట్టే పెరిగినయ్ టేకు చెట్లు!" నేనిచ్చిన ఈ ఏటి కొలతల పుస్తకం చూసి సుదర్శన్‌రావు మురిసిపోయాడు.

అప్పట్లో జైనూర్ అడవిలో మూడేళ్లు చెట్టుచెట్టుకూ టేపు చుట్టింది నేను. ఎంత నరికితే, ఎంత వాన పడితే అడవి ఎట్లా పెరుగుతుందో ఆ కొలతలతో లెక్కగట్టి పెద్ద శాస్త్రవేత్త అయింది ఆయన. నా పేరు ఒక్కచోటా రాయలేదు.

"జర అడవికి పోయి చూద్దామా సార్?"

"అడవెందుకయ్యా? నీ పుస్తకం చాలు. రేపు ఆదిలాబాద్ సభల ఇదే చదువుత."

"మీ ఇష్టం సార్."

ఆయన సూత్రంతోనే ఆ పుస్తకంలోని అంకెలన్నీ ఇంట్లో కూర్చుని వేశాను. సభ కాగానే వచ్చి ఆ చెట్లు చూడమని అక్కడి పెద్దలకు ఉత్తరం కూడా రాశాను. జీపులు సిద్ధం చేశారట.

ఆ చెట్లున్న చోట ఆరేళ్లుగా పత్తి పండుతోంది.