మస్కట్ సూపర్‌వైజర్

వరుసగా మూడో రోజు కూడా చీటీలో జలపతి పేరే వచ్చింది.

"జలపతన్నా, ఇయ్యాల గూడ పెద్ద వంట నీదే," అంది కృపారాణి, చీటీ మడిచి గుప్పిట్లో పెట్టుకుంటూ. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్లు కాస్త గట్టిగా కొట్టారు.

జలపతి ఒక్కడే కొట్టలేదు.

బుగ్గారం దగ్గర ఉన్న ఆ సమతా కేంద్రంలో ఏటా ఎండాకాలం మూడు రోజుల శిబిరం పెడతారు. రైతులు, కూలీలు అన్న తేడా లేకుండా ఇరవై జంటలు వస్తాయి. అందరికీ ఒకటే బంతి. నియమం కూడా ఒకటే. మగవాళ్లు వండాలి, ఆడవాళ్లు కూర్చుని తినాలి. రోజూ పొద్దున చీటీ తీస్తారు. పేరు వచ్చినవాడు ఆ రోజు పొయ్యి దగ్గర పెద్ద, మిగతా మగవాళ్లంతా అతను చెప్పినట్టు చేయాలి. రాతపనులు, మైకు, కుర్చీలు ఆడవాళ్లవి. కేంద్రం నడిపే కృపారాణి ఈ విషయంలో ఎవరి మాటా వినదు.

ఇదంతా ముందే తెలిస్తే జలపతి తన ఊరు ఇబ్రహీంపట్నం దాటి వచ్చేవాడే కాదు. ఊరి మహిళా సంఘంలో తీర్మానాలు రాసే అతని భార్య మల్లవ్వ, "మూడొద్దులు కూసుండి తినుడేనట," అని బయల్దేరదీసింది. ఎవరు కూర్చోవాలో చెప్పలేదు.

జలపతి బాధ వంట రాకపోవడం కాదు, రావడం.

పదహారేళ్లు మస్కట్‌లో, లేబర్ క్యాంపులో, పూటకు నాలుగు వందల మందికి వండాడు. ఊళ్లో మాత్రం సూపర్‌వైజర్‌నని చెప్పుకున్నాడు. ఇంటికి ఫొటో పంపాల్సి వస్తే పక్కవాడి హెల్మెట్ అడిగి పెట్టుకునేవాడు. పోయిన దసరాకు శాశ్వతంగా తిరిగొచ్చాక కులసంఘంలో కుర్చీ వేస్తున్నారన్నా, పెళ్లిళ్లలో ముందు బంతికి పిలుస్తున్నారన్నా అంతా ఆ హెల్మెట్ చలవే. ఇంట్లో మంచినీళ్లు కూడా తనంతట తాను ముంచుకోడు. సూపర్‌వైజర్లు ముంచుకోరు మరి. ఇప్పుడు నిజం బయటపడితే ఇజ్జత్ వరద కాలువలో కలిసినట్టే.

అందుకే మొదటి రోజు కత్తి తిరగేసి పట్టుకున్నాడు. ఆవాల డబ్బా చూపించి, "జీలకర్ర అంటే గీ నల్లగుండేదేనా?" అని అడిగాడు. ఆ రోజు అన్నం జావైంది. రెండో రోజు పప్పు మాడింది. సారంగాపూర్ నుంచి వచ్చిన లత ఒక ముద్ద తిని, రెండు గ్లాసుల నీళ్లు తాగి లేచిపోయింది.

మల్లవ్వ మాత్రం మొత్తం తిని చెయ్యి కడుక్కుంది. "పాపం, సూపర్‌వైజర్‌కు గంటె పట్టుడు ఏం తెలుస్తది?" అంది అందరికీ వినపడేలా.

జలపతి ఊపిరి పీల్చుకున్నాడు. ఇక ఒక్క రోజు గడిస్తే గండం గట్టెక్కినట్టే.

ఆ ఒక్క రోజే వచ్చి మీద పడింది. ముగింపు కాబట్టి చుట్టుపక్కల ఊళ్ల నుంచి పిల్లాపాపలతో కలిసి వంద మంది దిగారు. బగారన్నం, కోడికూర అన్నారు. జలపతి ధైర్యం చెప్పుకున్నాడు. నాలుగు గుప్పిళ్ల ఉప్పు ఎక్కువ పడేస్తే సరి, మళ్లీ జన్మలో ఎవరూ పొయ్యి దగ్గరికి రానివ్వరు.

అంతలో మైసయ్య మూడో బిందె ఎత్తాడు. మైసయ్య బుగ్గారం కూలీ, అరవై దాటినవాడు, పొయ్యి మొహం చూడటం ఇదే మొదలు. ఎసట్లో నీళ్లు రెండో బిందెకే సరిపోయాయి.

ఊరుకోవాలి. రెండు రోజులు ఊరుకున్నాడు కదా. కానీ కళ్లముందు పన్నెండు కిలోల బియ్యం పాడైపోతుంటే వంట తెలిసిన ప్రాణం ఎలా ఒప్పుకుంటుంది?

"ఆగు మైసన్నా! గన్ని నీళ్లు పోస్తే ముద్దయితది!"

బిందె లాక్కున్నాడు. ఇక అతని చేతులు అతని మాట వినలేదు. కబుర్లు చెబుతూ ఉల్లిగడ్డలు తరిగాడు, ఒక్కసారి కూడా కిందికి చూడలేదు. మసాలా చేత్తోనే తూచి వేశాడు. ముక్కలు కడగడంలో ఆలస్యం చేస్తున్న లత మొగుడు ప్రకాశ్ మీద, "యల్లా! యల్లా!" అని మస్కట్ క్యాంపులో తొందరపెట్టినట్టే అరిచాడు.

"గదేంది అన్నా?" అన్నాడు ప్రకాశ్ బిత్తరపోయి.

"ఏం లేదు, మంత్రం. నువ్వు కడుగు."

గంటన్నరలో వాసన గేటు దాటి రోడ్డెక్కింది.

బంతి కూర్చుంది. మల్లవ్వ మారు అడిగి వేయించుకుంది. ఇంకోసారి కూడా పెట్టించుకుంది. పెళ్లయ్యి ఇరవై రెండేళ్లు. ఆమె తింటుంటే గంటె పట్టుకుని ఎదురుగా నిలబడటం జలపతికి ఇదే మొదటిసారి. ఎందుకో చాలా సంతోషమేసింది. ఆమె కళ్లలో నీళ్లు చూశాక భయం కూడా వేసింది.

"ఏందే, కారమైందా?"

"కారం మంచిగనే ఉన్నది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "గింత మంచిగ ఎక్కడ నేర్చినవయ్యా?"

"రాత్రి యూట్యూబ్‌ల చూసిన."

"మస్తు చెప్పిండు యూట్యూబాయన," అంటూ పళ్లెం ముందుకు జరిపింది. "ఇంకింత ఎయ్యి."

నమ్మింది. జలపతి గుండె కుదుటపడింది.

సాయంత్రం గంగాళాలు తోమి బోర్లించి, సంచి తెచ్చుకుందామని ఆఫీసు గదిలోకి వెళ్లాడు. బల్ల మీద చీటీల డబ్బా కనిపించింది. ఇరవై మంది మగవాళ్లలో మూడు రోజులూ తన పేరే రావడమేంటి, ఇదేం దరిద్రం అనుకుంటూ మూత తీశాడు. ఒక చీటీ విప్పాడు. ఇంకోటి విప్పాడు. డబ్బా బల్ల మీద బోర్లించాడు.

మిగిలిన పదిహేడు చీటీల మీదా మల్లవ్వ గుండ్రటి చేతిరాతలో ఒక్కటే రాసి ఉంది: "జలపతి, వంట మాస్టర్, మస్కట్."