మూడో అప్పీలు

ఈసారి కూడా అదే ఉత్తరం వస్తే మగ్గం అమ్మాల్సిందే.

ఆ దిగులుతో అనసూర్యకు వారం రోజులుగా ముద్ద దిగడం లేదు. కొత్తవాడలోని ఆ ఇంట్లో తివాచీల మగ్గం ఒక్కటే మిగిలింది. రెండోది మొగుడు మార్కండేయులు డయాలసిస్‌కే పోయింది.

ఇరవై ఎనిమిదేళ్లు మిలిటరీలో చేసి వచ్చిన మనిషి. కిడ్నీలు సర్వీసులో ఉండగానే మొరాయించాయి. జబ్బు సర్వీసు వల్లే వచ్చిందని ఒప్పుకుంటే వికలాంగ పింఛను ఇస్తారు. పింఛను ఆఫీసు వాళ్లు ఒప్పుకోవడం లేదు. రెండుసార్లు అప్పీలు చేస్తే రెండుసార్లూ ఒకటే వాక్యం వచ్చింది. ఇంగ్లీషులో ఉన్న దాన్ని మార్కండేయులే తెలుగు చేసి వినిపించాడు. రెండోసారి కళ్లద్దాలు కూడా పెట్టుకోలేదు.

"సదరు మూత్రపిండాల వ్యాధికి, సైనిక సేవకు ఎట్టి సంబంధమూ లేదు."

"ఎవడయ్యా గిది రాసింది? వాని చెయ్యిరగ!" అంది అనసూర్య.

మార్కండేయులు మణికట్టు నిమురుకున్నాడు. "జర మెల్లగ తిట్టవే."

"మెల్లగెందుకు? వానికి ఇనవడాలె! సంబంధం లేదట! మంచుల నిలవడ్డది నువ్వా, వాడా?"

నిజానికి మంచులో నిలబడ్డానని ఆయన ఏనాడూ చెప్పలేదు. అక్కడేం పని అంటే "దేశం పని" అనేవాడు. మిగతాదంతా అనసూర్యే ఊహించుకుంది. సెలవు అయిపోయి ఆయన కాజీపేటలో ఎక్కిన ప్రతి రైలూ నేరుగా మంచుకొండ మీదికే పోతుందనీ, దిగీ దిగగానే చేతిలో తుపాకీ పెడతారనీ కుమిలిపోయేది. ఇప్పటికీ ఆయన ఉప్పులేని బిస్కెట్ల కోసం వీధి చివరి కొట్టుకు బయల్దేరినా, మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఏమాటకామాట," అన్నాడు మార్కండేయులు. "వాక్యం మాత్రం మంచిగ కుదిరింది. ఒక్క ముక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"కిడ్నీలతోని మెదడు సుత ఖరాబైందా ఏంది నీకు?"

రాసినవాడి పేరు తెలియదు. అందుకని ఆ ఉత్తరం చుట్టూ ఎండుమిరపకాయలు మూడుసార్లు తిప్పి, వాడి మీద దుమ్మెత్తి పోస్తూ వాటిని పొయ్యిలో పడేసింది. వాడికి తగిలిందో లేదో గానీ, సాయంత్రం దాకా దగ్గింది మాత్రం మార్కండేయులే.

మొదటి రెండు అప్పీళ్లూ పదేసి పేజీలు. ఎండలు, నీళ్ల కరువు, నిద్రలేమి, అన్నీ ఏకరువు పెట్టాడు. మూడోదే ఆఖరుది. ఆ తర్వాత ఇక అడిగే దిక్కు లేదు. దాన్ని ముందు పెట్టుకుని నాలుగు రోజులు కలం కొరుకుతూ కూర్చున్నాడు.

"ఒక తొవ్వ ఉన్నది," అన్నాడు చివరికి. "కని గది రాస్తే పరువు పోతది."

"ఎవని పరువు?"

"గా ఉత్తరం రాసినోనిది."

"వాని పరువు నీకెందుకయ్యా! వాడేమన్న నీ మేనబావనా? రాయి!"

రాశాడు. మూడే వరుసలు.

హనుమకొండలో ఒక ఫంక్షన్ హాల్లో మాజీ సైనికుల పింఛను అదాలత్ పెట్టారు. ముందు రోజు పెళ్లి తాలూకు బంతిపూలు ఇంకా వేలాడుతున్నాయి. స్టేజి మీద పెళ్లికూతురి కుర్చీలో నవనీత అనే ఆఫీసరు కూర్చుంది. పిలుపు రాగానే అనసూర్య మొగుడి చెయ్యి పట్టుకుని మెట్లెక్కింది. కింద కూర్చున్న ముసలి సిపాయిలెవరో చప్పట్లు కొట్టారు.

"తాతా, నీ అప్పీలు గెలిచింది," అంది నవనీత.

అనసూర్య ఆ పక్కనున్న పెళ్లికొడుకు కుర్చీలో కూలబడి భోరున ఏడ్చింది.

"సంబంధం లేదన్నప్పుడు ఎందుకు లేదో డాక్టర్ కారణం రాయాలె. మా ఉత్తరం ఫార్మాట్‌ల కారణం రాసే జాగనే లేదని నువ్వు పట్టుకున్నవ్. ముప్పై ఏండ్ల సంది గదే ఫార్మాట్ నడుస్తాంది తాతా! ఒక్క వకీలుకు తట్టలే. నీకెట్ల తట్టింది?"

"ఊకెనే," అన్నాడు మార్కండేయులు. "అనసూర్యా, లే, ఆటో పోతది."

"పోతే పోనియ్." అనసూర్య కొంగుతో మొహం తుడుచుకుంది. "బిడ్డా, గా ఉత్తరం రాసినోడు ఎవడో జర చెప్పు. రెండేండ్ల సంది పేరు తెల్వకుంట తిడుతాన్న. తగులుతాందో లేదో!"

"ఎవరో హెడ్ క్లర్కమ్మా. ఎప్పుడో రిటైరైండు. పేరు సుత లేదు, ముద్ర మీద ఉత్త సంతకమే. కని మస్తు తెలివిగల్లాయన."

"వాని తెలివి మండ! వాని పెండ్లానికి సుత నా గోసనే రావాలె!"

"ఆమెనెందుకు తిడ్తవే," అన్నాడు మార్కండేయులు నీరసంగా. "ఆమె ఏం జేసింది, పాపం."

నవనీత నవ్వుతూ, ఈ అప్పీలు కోసమే తెప్పించిన ఆ ఫార్మాట్ అసలు కాగితాన్ని ఫైలులోంచి తీసి ఆమె ముందు పెట్టింది.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాని అనసూర్య, అడుగున కోడి కెలికినట్టున్న ఆ తెలుగు సంతకాన్ని మాత్రం చూడగానే పోల్చుకుంది. మొగుడు రైలెక్కిన పదోనాటికల్లా తనకు వచ్చే ప్రతి జాబు కిందా ఉండేది అదే.