మ్యాపులో రెండో చుక్క

నేను రాత్రిళ్లు వీధుల్లో నీళ్ల వాల్వులు తిప్పుతాను. మా కోడలు ఆ వాల్వుల మ్యాపును వెబ్‌లో పెడుతోంది. మ్యాపు గీసే ఉచిత సాఫ్ట్‌వేర్లు, తను ఓపెన్ సోర్స్ లైబ్రరీలు అంటుంది, రెండింటిలో ఏది బాగా చూపిస్తుందో తేల్చుకోవాలని, నేనెక్కడుంటే అక్కడ మ్యాపులో చుక్క కనపడేలా నా జేబులో ఫోను పెట్టి పంపింది.

తెలిసిన దారే కదా అని టార్చి వెయ్యలేదు.

"మామయ్యా, మీ పక్కన ఎవరు?" అంది ఫోన్లో.

"కరెంటు పోయింది తల్లీ, నా నీడ కూడా తోడు రాలేదు."

"మొదటిదాంట్లో మీ చుక్క ఒక్కటే ఉంది. రెండోదాంట్లో ఇంకోటి కూడా ఉంది. మిమ్మల్ని దాటి ఆగింది."

నేనూ ఆగాను. టార్చి వేస్తే, అడుగు ముందు మూత లేని మ్యాన్‌హోల్.

చీకట్లోకే దణ్ణం పెట్టాను.

"మొదటిది వేగంగా ఉంది, అదే వాడనా?" అంది మర్నాడు.

"రెండోదే ఉంచమ్మా."

ఇప్పుడు ఆ చుక్క వచ్చిందని కోడలు చెప్పాకే చెప్పులేసుకుంటాను. అది మా ఇంట్లోంచే బయల్దేరుతుందట.