ట్యాంకు మీద వేలిముద్ర

నాన్నకి ఓపిక తక్కువ. బండికి రంగు వేసిన ప్రతిసారీ ఆరకముందే బొటనవేలు ఆనించి చూసేవాడు. చైన్‌లో పడి చీలిన వేలది. ట్యాంకు మీద అడ్డగీతతో సహా ముద్ర పడేది. "మళ్లీ చెడగొట్టారా మహానుభావా!" అని అమ్మ నవ్వేది.

ఆయన పోయిన రెండేళ్లకి బండి బాగుచేశాను. ఆ ముద్ర చెరపడానికి చెయ్యి రాక, చివరికి పళ్లబిగువున ఉప్పుకాగితంతో రుద్దేశాను. సాయంత్రం ఎర్రరంగు కొట్టి, షెడ్డుకి తాళం వేసుకున్నాను.

రాత్రి షెడ్డులో బండి స్టాండు కిర్రుమంది. వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి లైటు వేశాను. తడిరంగు మీద, అదే చోట, అడ్డగీతతో ముద్ర.

అమ్మ గుమ్మంలోకొచ్చింది. "తెల్లారేదాకా ఆగలేరా మహానుభావా!" అని నవ్వింది, నా వెనక మూలకేసి చూస్తూ.