గెంతుడు నేర్చిన మరబొమ్మ

జోరువానకు పొలంగట్టు తెగేలా ఉంది. గట్టులో ఉన్న చీమల గుడ్లను మెరకకు మోయడానికి గిజిగాడు తాటిపీచుతో ఒక మరబొమ్మను అల్లాడు. అది రెండు గెంతులు వేసి బురదలో దిగబడింది.

"ఇలాంటివి మా కొండ మీదే కుదురుతాయిలే" అంది చూడవచ్చిన నెమలి.

పొలంలో ఉండే ఎండ్రకాయ బొమ్మ కాళ్లు తడిమి చూసింది. "దీనికి నీ గెంతుడు నేర్పావు బావా. ఈ బురదలో అడ్డంగా నడవాలి" అంది.

ఇద్దరూ కలిసి కాళ్లను పక్కకు తిప్పి కట్టారు. ఆఖరి గుడ్డు మెరకకు చేరాకే గట్టు తెగింది.

నెమలి గొంతు తగ్గించింది. "నిజానికి మా బొమ్మలు బండల మీద జారిపడుతున్నాయి. వచ్చి చూస్తారా?"

"వస్తాం" అంది ఎండ్రకాయ. "ఆ బండల మీద తిరిగే తొండను ఎప్పుడైనా అడిగావా?"