రెండు గీతల ఊపిరి

దగ్గరికి జరిగి కూర్చోండి, ఇది దూరం నుంచి వినే కథ కాదు. విన్నాక మరచిపోకుండా నలుగురికీ చెప్పాలి మరి. సరేనా?

తెల్లారగట్ల గాలివాన కొట్టి కరెంటు పోయింది. మధ్యాహ్నమైనా రాలేదు. ఇన్వర్టరు మీద ఛార్జింగు ఎంతుందో చూపించే గీతలు ఒక్కొక్కటే ఆరిపోయి, రెండు మిగిలాయి. ఆ రెండూ ఆరితే ఆక్సిజన్ మిషను ఆగుతుంది. మిషను ఆగితే మనిషి ఊపిరి ఆగుతుంది. రావలసిన అంబులెన్సేమో రోడ్డు మీద కూలిన చెట్ల అవతలే ఉండిపోయింది.

వ్యాను డ్రైవరు భార్య కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. ఫ్యాన్లు ఆపేసింది. లైట్లు ఆపేసింది. ఫోను ఛార్జరు పీకి మంచం మీదకు విసిరేసింది. ఆ కంగారులో గోడ గడియారాన్ని కూడా ఆపబోయింది.

"అది సెల్లుతో నడిచేదమ్మా, దాన్నొదిలెయ్," అన్నాడు వైర్‌మ్యాన్.

ఆ ఇంట్లో ఇన్వర్టరు బిగించింది అతనే. ఇన్వర్టరు కరెంటు ఇంట్లో ప్రతి ప్లగ్గుకూ వెళ్లదు. కావలసిన లైట్లకూ ఫ్యాన్లకూ విడిగా లైను లాగుతారు. మిషనుకు కూడా ఆ లైనులోంచే తీగ లాగమని ఆమె పట్టుబట్టింది. మొగుడు ఇంట్లో లేని రోజు చూసి లాగించింది.

"అప్పుడే చెప్పాను కదమ్మా, మిషను ఉత్త తిండిపోతు, ఒక్క బ్యాటరీ చాలదని."

"చెప్పావులే మహానుభావా! ఇప్పుడేం చెయ్యాలో అది చెప్పు. నీ కాళ్లు పట్టుకుంటా."

"పక్కన ఇంకో బ్యాటరీ కలపాలి. చూస్తే షాపులన్నీ మూసేశారు." అతని చూపు పెరట్లోకి పోయింది. అక్కడ షెడ్డులో వ్యాను ఉంది.

"అమ్మో! దాని మీద చెయ్యేస్తే ఆయన ఊరుకుంటాడా?"

"అడిగి చూడరాదా?"

"అడిగితే వద్దంటాడు. అడక్కుండా తీస్తే అరుస్తాడు. అరుపులే నయం."

ఆమె పడగ్గదిలోకి పరిగెత్తి గోడకు చెవి ఆనించింది. మిషను గుర్రుమంటూనే ఉంది. మధ్యలో నీరసంగా ఒక దగ్గు. ఇంతలో హాల్లో ఇన్వర్టరు కీచుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది.

"గీత ఒక్కటేనమ్మా!" అని కేకేశాడు వైర్‌మ్యాన్.

ఆమె అతని చేతిలోని స్పానరు లాక్కుని షెడ్డులోకి ఉరికింది. వ్యాను సీటు ఎత్తింది. బ్యాటరీ నట్టు తుప్పుపట్టి బిగుసుకుపోయింది. వేళ్లు గీసుకుపోయి రక్తం కారుతోంది. ఏడుస్తూ, తిడుతూ తిప్పుతోంది.

"కదలవే! నీకు దణ్ణం పెడతా, కదలవే!"

"ఏం చేస్తున్నావక్కడ?"

వెనక మొగుడు. చెట్లు నరకడానికి వెళ్లినవాడు, గొడ్డలి భుజాన పెట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆమె చేతిలోంచి స్పానరు జారిపోయింది. ఎన్నాళ్ల నుంచో తయారుగా పెట్టుకున్న అబద్ధాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"ఒక్క గీతే ఉందండీ," అంది.

అతను ఆమెను చూశాడు. బ్యాటరీని చూశాడు. గొడ్డలి కింద పడేశాడు.

"తప్పుకో. తిప్పేది అటు కాదు."

నిమిషంలో బ్యాటరీని పసిపిల్లలా పొట్టకు హత్తుకుని హాల్లోకి మోసుకొచ్చాడు. వైర్‌మ్యాన్ ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు కలిపాడు. చిటచిటమని నిప్పురవ్వలు లేచాయి. ఇన్వర్టరు కీచులాట ఆగింది. రెండో గీత వెలిగింది. కాసేపటికి మూడోది.

ఆమె ఉన్నచోటే కూలబడింది. ఇప్పుడడుగుతాడు, ఇప్పుడరుస్తాడు అని బిక్కుబిక్కుమంటూ చూస్తోంది. అతనేమో తిన్నగా పడగ్గదిలోకి నడిచాడు.

మిషను తీగ అవతలికి దూరిన చోట గోడకు రెండు చేతులూ ఆనించి, "వదినా, అన్నయ్యకి ఊపిరి అందుతోందా?" అంటూ, వాటాలు పంచుకున్ననాడు తానే కట్టించిన ఆ అడ్డుగోడ అవతలి ఇంటివాళ్లను ఇన్నేళ్లకు మొదటిసారి పిలిచాడు.